ఉప్పెన తరువాతి వైద్యం: బందరు, దివిసీమ చెప్పే పాఠాలు



సముద్రం కంటికి కానరాని పెండ్లిమర్రిలో కూర్చొని ఈ వైద్యుడు సముద్రతీరపు చరిత్ర చెప్పడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకు కారణం ఒక తేదీ. 1977 నవంబరు 19, శనివారం నాడు కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సరిగ్గా నలభై నాలుగు సంవత్సరాల తరువాత, 2021 నవంబరు 19 తెల్లవారుజామున, మన చెయ్యేటిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామాలపై వరద విరుచుకుపడింది. తేదీలు కలవడం కేవలం కాకతాళీయం. కాని నీరు తీసిన మరునాడు ఆ రెండు చోట్ల బతికి బయటపడినవారు అడిగిన ప్రశ్నలు మాత్రం ఒక్కటే. తాగడానికి నీరెక్కడ? తిరిగి ఇల్లెక్కడ కట్టుకోవాలి? రేపటి నుండి కూలి ఎక్కడ దొరుకుతుంది?

మొదటి ప్రశ్న వైద్యశాఖదని, రెండవది రెవెన్యూ, ఇంజనీరింగు శాఖలదని, మూడవది వ్యవసాయ, మత్స్య శాఖలదని మనం విడదీసి చూస్తాము. ఒక వైద్యునిగా నా అభిప్రాయం వేరు. ఇవి మూడు జబ్బులు కావు, ఒకే జబ్బుకు మూడు లక్షణాలు. ఒక్కో లక్షణానికి ఒక్కొక్కరు వేరువేరుగా మందు వేస్తే రోగి కోలుకోడు. ఈ మాటకు సాక్ష్యం మన తెలుగు తీరపు చరిత్రలోనే ఉన్నది.

1864: ఉప్పెన ముంచిన బందరు

మచిలీపట్నానికి బందరు అని పేరు. అనగా ఓడరేవు. డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు వర్తకస్థానాలు ఏర్పరచుకున్న ఈ పట్టణం నుండి అద్దకపు బట్టలు దేశదేశాలకు వెళ్ళేవి. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుతో కూడిన ఉప్పెన పట్టణాన్నీ, చుట్టుపట్ల గ్రామాలనూ కప్పివేసింది. సముద్రం పది మైళ్ళకు పైగా లోపలికి చొచ్చుకుపోయింది. సుమారు 30,000 మంది మరణించారని నాటి గ్రంథాలు పేర్కొంటాయి.

ఆ కాలాన్ని ఒకసారి మనసులోకి తెచ్చుకోండి. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని లండనులో జాన్ స్నో చూపి అప్పటికి పదేండ్లే అయింది. ఆయన మాటను వైద్యలోకమంతా ఇంకా అంగీకరించలేదు. సూక్ష్మజీవి సిద్ధాంతం ఇంకా పసిగుడ్డు. తుఫానును ముందుగా పసిగట్టి తీరానికి కబురందించే వ్యవస్థ లేదు. బావులలో, చెరువులలో ఉప్పునీరు నిండినపుడు ఏమి చేయాలో నిర్ణయించే స్థానిక యంత్రాంగం నామమాత్రం.

ఉప్పెన ఒక్కటే బందరును దిగజార్చిందనడం చరిత్రకు న్యాయం కాదు. ఇంగ్లండు మిల్లు బట్ట రాకతో అద్దకం వర్తకం అంతకుముందే క్షీణించింది. రేవులో ఒండ్రు మేటవేసి పెద్ద ఓడలు దూరంగానే నిలవవలసి వచ్చేది. అప్పటికే బలహీనుడైన రోగికి తీవ్రమైన జ్వరం వచ్చినట్లు ఉప్పెన వచ్చింది. ఆ తరువాత సైనిక దళాన్ని ఉపసంహరించుకున్నారు. దానిమీద ఆధారపడిన చిన్నవర్తకులకు, పనివారికి ఆ ఆదాయమూ పోయింది. మృతులను ఖననం చేయడం, శిథిలాలు తొలగించడం జరిగింది కాని, పట్టణం ఏ వృత్తి మీద తిరిగి నిలబడాలనే ప్రశ్నకు బాధ్యులంటూ ఎవరూ లేకపోయారు.

ఆ ప్రశ్నను మరో రెండు తరాల తరువాత బందరువారే చేతిలోకి తీసుకున్నారు. వారిలో ఒకరు వైద్యుడు కావడం మా వృత్తివారికి గర్వకారణం. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య మద్రాసులో వైద్యవిద్య ముగించి బందరులో ప్రాక్టీసు పెట్టారు. కొన్నేండ్లకు వైద్యవృత్తిని వదలి ప్రజాజీవితంలోకి వెళ్ళారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలకు అండగా నిలిచారు. 1923లో అదే పట్టణంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమయ్యే వరకు ఆ బ్యాంకు తెలుగు రైతుకు, చిరువర్తకునికి పరిచయమున్న పేరు. రోగిని చూసిన వైద్యుడు, పత్రిక నడిపిన సంపాదకుడు, పాఠశాల పెట్టిన విద్యావేత్త ఒక చోట కూర్చొని ఊరి గురించి ఆలోచించడం బందరు మనకిచ్చిన మొదటి పాఠం. 1864లో లోపించినది అదే.

1977: దివిసీమ

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల నడుమ ఉన్న లంకయే దివిసీమ. అవనిగడ్డ దానికి ముఖ్యపట్టణం. నాగాయలంక, కోడూరు, హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప, ఎదురుమొండి మొదలైన ఊళ్ళలో రైతులు, వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు నివసిస్తారు. నవంబరు మూడవ వారమంటే సార్వా వరి కోతకు వచ్చే వేళ. రైతుకు పంట, కూలీకి ఏడాదిలోకెల్లా ఎక్కువ పనిదినాలు.

ఆ శనివారం గాలి పెరిగిన కొద్దీ జనం ఇళ్ళలోనే తలుపులు బిగించుకొని ఉన్నారు. సాయంకాలానికి సముద్రం సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచి పొలాల మీదుగా వచ్చింది. తాటి ఆకు, రెల్లుగడ్డి కప్పిన మట్టిగోడల ఇళ్ళు ఆ నీటికి నిలువలేదు. చెట్లను పట్టుకున్నవారిలో కొందరు బతికారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది మరణించారు. అసలు సంఖ్య అంతకన్న ఎక్కువని అక్కడివారు నేటికీ అంటారు. పశువులు లక్షల సంఖ్యలో చనిపోయాయి. రహదారులు, టెలిఫోను తీగలు తెగిపోవడంతో నష్టం ఎంతటిదో బయటి ప్రపంచానికి తెలియడానికే రోజులు పట్టింది.

వైద్యులు భయపడినదేమిటి, జరిగినదేమిటి?

అప్పట్లో అందరి నోటా వినిపించిన మాట కలరా. కుళ్ళిన శవాల నుండి మహమ్మారి పుడుతుందని ప్రజలు భయపడ్డారు. ఈ భయం ఈనాటికీ పోలేదు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

దివిసీమకు ఏడేండ్ల ముందు, 1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్తాను తీరాన్ని పెనుతుఫాను తాకింది. అక్కడ ఆల్ఫ్రెడ్ సోమర్, విలీ మోస్లే అనే వైద్యులు సర్వే జరిపి 1972లో తమ ఫలితాలను ప్రచురించారు. కనీసం 2,24,000 మంది మరణించినట్లు వారు అంచనా వేశారు. మృతులలో పసిపిల్లలు, వృద్ధులు, స్త్రీలు అధికం. బతికినవారిలో చాలామందికి చేతుల లోపలివైపు, ఛాతీమీద, తొడలమీద చర్మం చెక్కుకుపోయిన గాయాలున్నాయి. రాత్రంతా చెట్టును కౌగిలించుకొని ఉండడం వల్ల కలిగిన గాయాలవి. అందరూ భయపడిన మహమ్మారి మాత్రం వారి సర్వేలో కనిపించలేదు.

దీనికి కారణం సులువుగానే అర్థమవుతుంది. నీట మునిగి మరణించిన ఆరోగ్యవంతుని శరీరంలో కలరా క్రిమి ఉండదు. లేని క్రిమిని శవం పుట్టించలేదు. వ్యాధి వచ్చేది బతికినవారి మలం తాగునీటిలో కలిసినపుడు. కనుక విపత్తు తరువాత శవాల కన్న ముందుగా చూడవలసినది నీటిని. శవసంస్కారం అత్యవసరమే, అయితే అది మృతుల గౌరవం కోసం, బంధువుల మనశ్శాంతి కోసం. మృతుని గుర్తించి వివరాలు నమోదు చేసిన తరువాతే అంత్యక్రియలు జరపడం ఎందుకు ముఖ్యమంటే, ఆ కాగితం లేనిదే భార్యాబిడ్డలకు పరిహారమూ, భూమి హక్కూ చిక్కుల్లో పడతాయి. చూడండి, ఇక్కడే ఆరోగ్యమూ ఆర్థికమూ ముడిపడిపోయాయి.

ఇక నీటి సంగతి. దివిసీమలో చాలాచోట్ల భూగర్భజలం ఉప్పన. పైన పలుచని పొరగా ఉండే మంచినీటిని ఎక్కువగా తోడితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. అందుచేత కృష్ణ కాలువల ద్వారా నింపుకొనే చెరువులే అక్కడ తాగునీటికి ఆధారం. ఉప్పెన ఆ చెరువులను సముద్రపు నీటితో, పశువుల కళేబరాలతో నింపింది. బ్లీచింగు పౌడరు క్రిములను చంపగలదు గాని ఉప్పును తీయలేదు. చెరువును ఖాళీ చేయించి, గండ్లు పూడ్చి, కాలువ నీరు మళ్ళించగలవాడు నీటిపారుదల ఇంజనీరు. ఏ చెరువు ముందు, ఏది తరువాత అన్నది చెప్పగలవాడు ఊరి పెద్ద. ఆ తరువాతనే వైద్యుని క్లోరిన్ పనికి వస్తుంది. వీరిలో ఒకరు లేకున్నా మిగిలినవారి శ్రమ వృథా.

మరొక మాట. కలరాకు సూదిమందు కావాలని నాడు ప్రజలు పట్టుబట్టేవారు. ఆ టీకా రక్షణ స్వల్పకాలికమని, వ్యాప్తిని ఆపలేదని అప్పటికే తేలింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి వేలాది కలరా రోగులను కాపాడారు. నేడు మనం ఓ.ఆర్.ఎస్. అని పిలిచేది దానినే. సూదికోసం బారులు తీరిన జనానికి శుద్ధమైన నీటి బిందె, ఉప్పు-పంచదార నీళ్ళే అసలైన మందులని నచ్చజెప్పడం మందు ఇవ్వడం కన్న కష్టమైన పని. అది బయటి ఊరి వైద్యుని వల్ల కాదు. వారు నమ్మే స్థానికులు చెప్పాలి.

భిన్న సిద్ధాంతాలు, ఒకే బురద

దివిసీమ పునర్నిర్మాణంలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది అక్కడ కలిసి పనిచేసినవారి జాబితా. అవనిగడ్డ శాసనసభ్యుడు, నాటి రాష్ట్ర మంత్రి మండలి వెంకటకృష్ణారావు ప్రజల నడుమ నిలిచి సహాయక సంస్థలను తన ప్రాంతానికి రప్పించారు. రామకృష్ణ మిషన్ సన్న్యాసులు వచ్చి ఇళ్ళు కట్టించారు. విజయవాడ నుండి గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం కార్యకర్తలు వచ్చారు. రాష్ట్రీయ స్వయంసేవక సంఘ కార్యకర్తలు ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని శవాలను దహనం చేశారు. క్రైస్తవ సేవాసంస్థలూ వచ్చాయి. చలనచిత్ర నటులు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు సేకరించారు.

దేవుడున్నాడనేవారు, లేడనేవారు ఒకే బురదలో నడిచారు. ఒకరి సిద్ధాంతం మరొకరికి గిట్టకపోయినా, ఏ ఊరికి ఎవరు వెళ్ళాలో పంచుకోవడానికి ఒక వేదిక కావాలి. అటువంటి వేదిక లేనిచోట ఏమవుతుందో విపత్తులు చూసిన ప్రతి ప్రభుత్వ వైద్యునికీ తెలుసు. రోడ్డుపక్క ఊరికి ఆరు లారీల దుప్పట్లు చేరుతాయి, వాగు అవతలి ఊరికి ఒక్కటీ చేరదు. ఒకే శిబిరానికి మూడు వైద్యబృందాలు వచ్చి అవే మాత్రలు మూడుసార్లు పంచుతాయి. పంపినవారి సదుద్దేశంలో లోపం ఉండదు. లోపమంతా పొందికలోనే.

ఇళ్ళ విషయంలో దివిసీమ నేర్పినది విలువైనది. ఇల్లు గట్టిగా కట్టడం ఒక్కటే చాలదు, ఎక్కడ కట్టామన్నది ముఖ్యం. మత్స్యకారుని సముద్రానికి పది మైళ్ళ దూరాన పక్కా ఇంట్లో ఉంచితే, పడవ, వల కాచుకోవడానికి అతడు తిరిగి తీరాన పాక వేసుకుంటాడు. అది మొండితనం కాదు, బతుకుతెరువు. అందుకే వృత్తికి దగ్గరగా నివాసం, ఆపదవేళ చేరడానికి ఎత్తయిన తుఫాను రక్షణ భవనం అనే పద్ధతి తీరమంతటా వ్యాపించింది. స్తంభాలపై నిలిపిన ఆ భవనాలు మామూలు రోజుల్లో పాఠశాలలుగా ఉపయోగపడ్డాయి. రోజూ వాడని భవనానికి ఆపదనాడు తాళంచెవి దొరకదు. తీరం వెంబడి సరుగుడు తోటలు పెంచడం, మడ అడవులను కాపాడడం కూడా ఈ ప్రణాళికలో భాగమే. అలను అడ్డే చెట్టు ఏ టీకాకూ తీసిపోదు.

కోలుకున్నదెవరు?

ఇక కష్టమైన ప్రశ్న. ఇళ్ళు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. అందరూ కోలుకున్నారా? పీటర్ విన్‌చెస్టర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు కృష్ణా డెల్టాలోని ఈ ప్రాంతాన్నే ఏళ్ళ తరబడి అధ్యయనం చేసి 1992లో పుస్తకం ప్రచురించారు. ఆయన చెప్పినదాని సారం ఇది: తుఫాను అందరినీ ఒకేలా తాకదు, ఒకేలా వదలదు. పొలం, పశువులు, అప్పు పుట్టే పరపతి ఉన్న కుటుంబం కొన్నేండ్లలో నిలదొక్కుకుంటుంది. రెక్కలు తప్ప వేరే ఆస్తి లేని కుటుంబం, ఇల్లు పక్కాదే అయినా, బీదరికంలోనే ఉండి తరువాతి తుఫానుకు మళ్ళీ ఎరగా నిలుస్తుంది.

దీనిని వైద్యభాషలో చెప్పనివ్వండి. ఉప్పు పట్టిన పొలంలో పంట రాకపోతే కూలి ఉండదు. కూలి లేకపోతే ఇంట్లో తిండి తగ్గుతుంది, ముందుగా తగ్గేది తల్లి పళ్ళెంలో. ఆరు నెలల తరువాత ఆసుపత్రికి వచ్చే రక్తహీనత, బిడ్డ తక్కువ బరువు, మానని క్షయ వీటన్నిటి వెనుక ఆ ఉప్పు పట్టిన పొలమే ఉంటుంది. కాలువ నీటితో పొలాన్ని కడిగి, అవసరమైన చోట జిప్సం వేసి, నేలను తిరిగి పంటకు తేవడం వ్యవసాయ శాఖ పని అనుకుంటాము. నా దృష్టిలో అది ప్రజారోగ్య కార్యక్రమం. పడవ, వల పోయిన మత్స్యకారునికి సహకార సంఘం ద్వారా అందే రుణమూ అంతే.

1990: పరీక్ష

దివిసీమ పాఠం నేర్చుకున్నామో లేదో తేల్చే పరీక్ష పదమూడేండ్లకు వచ్చింది. 1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుఫాను అదే కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి హెచ్చరికలు ముందుగా అందాయి. లక్షలాది ప్రజలను తీరప్రాంతం నుండి తరలించారు. రక్షణ భవనాలు ఉపయోగపడ్డాయి. లక్షల ఇళ్ళు దెబ్బతిన్నాయి, ఆస్తినష్టం అపారం. కాని మృతుల సంఖ్య వెయ్యిలోపే, 967గా నమోదైంది. ఒక్క మరణమూ చిన్నది కాదు. అయినా 1977తో పోల్చి చూస్తే పదింట తొమ్మిది ప్రాణాలు దక్కాయి. ఏ కొత్త మందు వల్లా ఇది సాధ్యం కాలేదు. వాతావరణ శాఖ మాటను కలెక్టరు, కలెక్టరు మాటను గ్రామోద్యోగి, గ్రామోద్యోగి మాటను ఊరు నమ్మడం వల్ల సాధ్యమైంది.

మన సీమకు ఏమిటి?

కరువు సీమలో వరద భయమేమిటని మనం నిశ్చింతగా ఉంటాము. 2021 నవంబరులో పింఛా కట్ట, ఆ తరువాత అన్నమయ్య కట్ట తెగినపుడు ఆ నిశ్చింత పోయింది. నందలూరు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మనకు దగ్గరలోని కమలాపురం వద్ద పాపాఘ్ని వంతెన కూలింది. దివిసీమ పొలాలకు ఉప్పు పడితే చెయ్యేటి పొలాలలో ఇసుక మేట వేసింది. పేరు మారింది, జబ్బు అదే.

పెద్ద ప్రణాళికలు ప్రభుత్వాలు చూసుకుంటాయి. ఊరి స్థాయిలో మనం చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి పంచాయతీలో గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఉండాలని జాతీయ ఆరోగ్య మిషన్ నిబంధన. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో అడిగి తెలుసుకోండి. ఏటా వానాకాలానికి ముందు ఒక్కసారి ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., సచివాలయ ఇంజనీరింగు సహాయకుడు, చెరువు ఆయకట్టు రైతు, పొదుపు సంఘం మహిళ ఒకచోట కూర్చోవాలి. వారు తేల్చవలసినవి నాలుగే. చెరువు కట్ట, వంక గట్టు ఎక్కడ బలహీనంగా ఉన్నాయి? కట్ట తెగితే ఏ వీధి ముందు మునుగుతుంది, అక్కడి ముసలివారిని, గర్భిణులను ఎవరు తీసుకువెళ్ళాలి? తాగునీటికి రెండవ ఆధారం ఏది? పంట, పశువు పోయిన కుటుంబాల జాబితా ఎవరు రాస్తారు?

ఇంటివరకు గుర్తుంచుకోవలసినది ఒకటి చెబుతాను. వరద తరువాత బావి నీరు తేరుకున్నాక, ప్రతి వెయ్యి లీటర్ల నీటికి సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు చాలు. దానిని బకెట్టులో కలిపి, సున్నం అడుగున దిగిన తరువాత పైతేటను మాత్రమే బావిలో పోసి, కనీసం ఒక గంట ఆగి నీరు తోడుకోవాలి. బురదనీటిలో పౌడరు వేయడం డబ్బు దండగ. పౌడరు తెరచి ఉంచితే శక్తి కోల్పోతుంది కనుక గాలి తగలని డబ్బాలో దాచాలి. నమ్మకం కుదరనపుడు నీటిని మరిగించి తాగండి. పిల్లలకు విరేచనాలయితే ఓ.ఆర్.ఎస్. ఇస్తూ వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి.

1864లో బందరువారికి హెచ్చరికా లేదు, శాస్త్రమూ లేదు. 1977లో దివిసీమవారికి శాస్త్రం కొంత ఉన్నా అది ఊరికి చేరలేదు. మనకు రెండూ ఉన్నాయి. ఈ వానాకాలం మొదలు కాకముందే మీ ఊరి కమిటీని ఒకసారి కూర్చోబెట్టండి. ఎవరెవరు వచ్చారో, ఏమి తేల్చుకున్నారో నాకు తప్పక తెలియజేయండి.